తోట యమ్మి దేశాంతరము

మొన్న నిమ్మాడ కూడలియందు విశాఖపట్టణపు బస్సు దిగిన పెద్దరైతు ఒకడు తేనీటి దుకాణపు బల్లమీద మా ప్రక్కన కూర్చుండెను. వజ్రపుకొత్తూరు వైపు ఉద్దానమువాడు. విశాఖలో నొక ఏజంటును కలిసికొని, తిరుగుదారిలో నిమ్మాడలో నున్న కూతురింటికి పోవుచున్నాడు. చేతిసంచిలో కుమారుని పాసుపోర్టు నకలును, ఆంగ్లములో అచ్చుపడిన రెండు కాగితములును, ఎకరమున్నర జీడితోట దస్తావేజును ఉన్నవి. తోటకు బేరము కుదిరినది. రిజిస్ట్రేషను ఎల్లుండి. మేము పత్రికలవారమని తెలిసికొని ఆయన కాగితములు మా చేతికిచ్చి అడిగిన ప్రశ్న యిది: "బాబూ, మా కుర్రోడికి ఏ దేశం వీసా మంచిదంటారు?"

ఈ ప్రశ్న ఆయన యొక్కనిదే కాదు. పలాస, టెక్కలి, సోంపేట, కవిటి, ఇచ్ఛాపురము ప్రాంతములలో పెండ్లిపందిరిలో కూర్చున్నను, రచ్చబండమీద కూర్చున్నను ఇదియే వినవచ్చుచున్నది. కుమారుని ఏ చదువునకు పంపవలెనని విచారించిన తండ్రులు నేడు ఏ దేశమునకు పంపవలెనని విచారించుచున్నారు. దేశముల పేర్లు వారికి దెలియును. జీతముల యంకెలును దెలియును. అడుగనిది ఒక్కటే. ఆ వీసా యెవరిది? పనిచేయువానిదా, పని యిచ్చువానిదా? మా యభిప్రాయమున దేశముల తారతమ్యము చూచుటకు ముందుగా తేల్చుకొనవలసిన సంగతి ఇదియే. ఇది తేల్చుకొనకుండ తోట యమ్మినవాడు తోటతోపాటు కుమారుని స్వేచ్ఛను గూడ అమ్మినవాడగును.

ఉద్దానమువారు ఊరు విడుచుట సోమరితనముచేత గాదు, దురాశచేతను గాదు. ఉద్యానవనమను మాటయే ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. ఆ పేరునకు దగినట్లు కొబ్బరి, జీడి, పనస నీడలో ఈ తీరము తరతరములుగా బ్రతికినది. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఈ నీడను నేలమట్టము చేసెను. జీడిమొక్క నాటిన మూడు నాలుగేండ్లకుగాని కాపు పట్టదు. నిండుకాపునకు మరికొన్ని యేండ్లు పట్టును. కొబ్బరికి ఆరేడేండ్లు కావలెను. ఈ లోపల ఆడపిల్లల పెండ్లిండ్లు ఆగవు, బ్యాంకువాని వడ్డీ ఆగదు. దీనికి తోడు మూత్రపిండవ్యాధి. దానికి కారణ మిదియని వైద్యశాస్త్రము ఇంకను నిశ్చయింపలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు పరిశోధనకేంద్రమును తెరువబడినవి. మంచిపనియే. అయినను రోగి యున్న యింటిలో నెలనెలకు రొక్కము కావలెను. చెట్టు నెలనెలకు రొక్కమీయదు. కనుకనే యువకుడు వెల్డింగు నేర్చుకొని గల్ఫునకు పోవుచున్నాడు. ఆర్గాను వెల్డింగు, 6 జి పరీక్ష యను మాటలు ఈ పల్లెలలో వ్యవసాయపు మాటలవలెనే వాడుకయైనవి.

ఈ తీరమునకు వలస క్రొత్తది కాదు. బారువ, కళింగపట్టణము రేవులనుండి రంగూనునకు పొగయోడలెక్కి పోయినవారి మనుమలు నేటికిని ఈ గ్రామములలో నున్నారు. వారి కాలమున పాసుపోర్టు లేదు, వీసా లేదు. బర్మా అప్పటికి హిందూదేశములో భాగమే యగుటచే 1922వ సంవత్సరపు వలసశాసనము కూడ వారిని కాపాడలేదు. వారిని నడిపినది మేస్త్రీ. అతడు ముందుగా బయానా యిచ్చును. ఓడకూలి తానే కట్టును. రంగూనులో పనికి కుదిర్చి, జీతము తన చేతిమీదుగానే యిచ్చును. అప్పు తీరువరకు పనివాడు అతనిని విడుచుటకు వీలులేదు. అనగా అప్పు ముందు, పని తరువాత. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీలు జీతముకొరకు సమ్మె కట్టినప్పుడు వారి స్థానమున బర్మీయులను బెట్టిరి. పిమ్మట రాజీ కుదిరి తెలుగువారిని మరల పిలిచి బర్మీయులను పొమ్మనిరి. ఆ పగ దొమ్మీయై నూరుమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. రేవు యజమానులకు మాత్రము నష్టము లేదు. పనివాడు పనివానికి శత్రువయ్యెను.

1937 ఏప్రిలు 1న బర్మా వేరు రాజ్యమయ్యెను. 1941లో రెండు ప్రభుత్వములును ఒక ఒడంబడిక చేసికొనెను. దాని ప్రకారము బర్మాకు పోవువారికి రెండు తరగతుల అనుమతిపత్రములు. మొదటి తరగతివాడు ఎంతకాలమైన నుండవచ్చును. రెండవ తరగతివానికి కొలది యేండ్ల గడువు. కూలివాడు ఏ తరగతిలో పడునో చెప్పనక్కరలేదు. గాంధీ మహాత్ముడు ఆ యొడంబడికను ఆనాడే తీవ్రముగా విమర్శించెను. కొలదినెలలకే జపాను బాంబులు రంగూనుమీద పడినవి. 1942లో లక్షలకొలది జనులు అడవులు, కొండలు దాటి నడచివచ్చిరి. ఆ పత్రములు విలువ లేని కాగితములయ్యెను. తరువాతి దశాబ్దములలో బర్మానుండి తిరిగివచ్చినవారి జ్ఞాపకముగా విశాఖలో బర్మాక్యాంపు అను పేట నేటికిని నిలిచియున్నది. ఈ కథ మేము ఇంత విస్తరించి చెప్పుటకు కారణము కలదు. నేటి లోకమున వీసా లెన్ని రకములైనను, వాని మూలమున నున్నవి ఆ రెండు తరగతులే.

ఇక నేటి శాసనము సంగతి. 1922 శాసనమును తొలగించి మన పార్లమెంటు 1983లో క్రొత్త వలసశాసనము చేసెను. పదవతరగతి ఉత్తీర్ణుడు కానివాని పాసుపోర్టుపై వలసతనిఖీ అవసరమను గుర్తు ఉండును. గల్ఫు రాజ్యములు ఆరును, మలేషియా, ఇరాకు, లిబియా మొదలుగాగల 18 దేశములకు పనికి పోవునప్పుడు ఇట్టివాడు వలసరక్షకాధికారి అనుమతి పొందవలెను. అతని ఒప్పందము, జీతము, యజమాని పేరు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ లెక్కలోనికి ఎక్కవలెను. ప్రవాసి భారతీయ బీమా కట్టవలెను. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు మాత్రమే. ప్రమాదమున మరణించినను, శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను 10 లక్షలు వచ్చును. పదవతరగతి తప్పినవానికి ప్రభుత్వము చేసిన ఈ కావలి సంపూర్ణము కాకపోయినను కావలియే.

విచిత్రమేమన, పదవతరగతి ఉత్తీర్ణుడైన వెంటనే ఈ కావలి తొలగిపోవును. అతని పాసుపోర్టునకు తనిఖీ లేదు. ఎవరిని అడుగకుండ విమానమెక్కవచ్చును. నేడు మన గ్రామములలో పదవతరగతి దాటని కుర్రవాడు అరుదు. అందుచేత పోవువారిలో పలువురు ఈ లెక్కలోనికి ఎక్కకుండగనే పోవుచున్నారు. అట్టివారు కూడ తమంత తామే ఈ-మైగ్రేట్‌లో పేరు వ్రాయించుకొనవచ్చునని ప్రభుత్వము ఏర్పాటు చేసినది. వ్రాయించుకొనువా రెందరు? చదువు స్వేచ్ఛ నిచ్చినదని సంతోషించు తండ్రి, ఆ స్వేచ్ఛ కావలి లేని స్వేచ్ఛ యని కూడ గ్రహింపవలెను.

ఏజంటు తీసికొనదగిన రుసుమును శాసనము నిర్ణయించినది. 30,000 రూపాయలు, దానిపై పన్ను 18 వంతులు; వెరసి 35,400 రూపాయలు. ఒక్క రూపాయి మించరాదు. తీసికొన్నదానికి రసీదు ఈయవలెను. వాడు ప్రభుత్వమువద్ద పేరు నమోదు చేయించుకొన్న వాడై యుండవలెను. ఆ నమోదు సంఖ్య నిజమో కాదో ఈ-మైగ్రేట్‌లో ఎవరైనను చూచుకొనవచ్చును. లక్షలు అడుగువాడు "వీసా కొనవలెను" అని చెప్పును. ఎమిరేట్ల కార్మికశాసనము పనివాని నియామకపు ఖర్చులు యజమానియే భరింపవలెనని స్పష్టముగా చెప్పుచున్నది. అమ్మకూడని వస్తువును అమ్ముచున్నానని చెప్పువానికి తోట సొమ్ము ధారపోయుట ఏమి న్యాయము? ఆంధ్రప్రదేశ ప్రభుత్వమే ఓంక్యాప్ అను పేరున నొక నియామకసంస్థను నడుపుచున్నది. దాని పేరు ఎరిగినవాడు నిమ్మాడ కూడలిలో మాకు ఒక్కడును దొరకలేదు. ఇందులో తప్పు జనులదికాదు. సంస్థ పేరు ఊరూర వినిపింపజేయవలసినవారిది.

అన్నిటికంటె అపాయకరమైనది సందర్శకుని వీసాపై పనికి పోవుట. మా చేతికి వచ్చిన కాగితములలో నొకటి అట్టిదే. "ముందు దీనిమీద దిగి, అక్కడ మార్చుకోవచ్చు" అని ఏజంటు చెప్పినాడట. మారినచో అదృష్టము. మారకున్న నతడు గడువు దాటిన మరునాటినుండి ఆ దేశమున అపరాధి. జీతము ఈయకున్నను ఫిర్యాదు చేయుటకు నోరు లేదు; యజమాని పేరు ఏ లెక్కలోను లేదు. 2024 మే నెలలో విశాఖపట్టణపు పోలీసులు బయటపెట్టిన కాంబోడియా వ్యవహారము ఈ త్రోవ ఎక్కడికి పోవునో చూపినది. కంప్యూటరు ఉద్యోగములని నమ్మి పోయిన ఆంధ్ర యువకులను అచట బంధించి, తమ దేశస్థులనే ఫోనులో మోసగించు పనికి బెట్టిరి. ఆ సంవత్సరమే రష్యాలో సహాయకుల కొలువులని పోయినవారు యుద్ధభూమిలో తేలిరి. కొలువు పేరు కాగితముమీద ఒకటి, వీసా పేరు మరియొకటి యైనచోట మోసము ఆనాడే ఆరంభమైనదని యెరుగవలెను.

ఉద్దానమువారికి మరియొక జాగ్రత్త ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. గల్ఫునకు పోవువానికి నిర్ణీత కేంద్రములలో వైద్యపరీక్ష జరుగును. అందులో తప్పినవానికి వీసా రాదు. అంతకుముందు అప్పు చేసిన సొమ్ముమాత్రము ఏజంటు పెట్టెలో నుండును. కావున అప్పు చేయకమునుపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకొనుడు. దానికి కొలదిరూపాయలే యగును. పరీక్షలో గట్టెక్కినవానికిని భయము లేదనరాదు. నేపాలునుండి గల్ఫునకు పోయి ఎండలో పనిచేసి వచ్చిన యువకులలో మూత్రపిండములు చెడినవారు కనబడుచున్నారని వైద్యులు వ్రాసియున్నారు. ఎమిరేట్లలో జూను 15నుండి సెప్టెంబరు 15వరకు మధ్యాహ్నము 12.30 మొదలు 3 గంటలవరకు ఎండలో పని నిషేధము. ఇతర గల్ఫు రాజ్యములలోను ఇట్టి నియమము కలదు. తండ్రికో, పెత్తండ్రికో ఆ వ్యాధి యున్న యింటి కుర్రవాడు ఎండపనికి గాక నీడపనికి పోవుట మేలు. జీతము తక్కువయైనను సరే.

గల్ఫు వీసా చిరకాలము యజమాని చేతిలోనే యున్నది. దానిని కఫాలా యందురు. ఆ కట్టు కొంత సడలినదనుట నిజము. ఖతారులో 2020నుండి యజమాని నిరభ్యంతరపత్రము లేకయే పని మారవచ్చును. సౌదీలో 2021 మార్చినుండి కొన్ని షరతులతో అట్టి వీలు కలిగినది. ఎలక్ట్రీషియను, వెల్డరు మొదలగు వృత్తులవారు సౌదీ వీసాకు ముందుగా మన దేశముననే వృత్తిపరీక్ష నెగ్గవలెనను నియమము వచ్చినది. దీనిని విసుగుగా భావించువారున్నారు. మేమట్లు భావింపము. పరీక్ష నెగ్గిన పత్రము పనివానిది, ఏజంటుది కాదు.

కఫాలా గల్ఫులోనే యున్నదని విద్యావంతులు తలంతురు. టెక్కలిలోను, శ్రీకాకుళములోను ఇంజనీరింగు చదివి అమెరికా కలలు గను కుర్రవాండ్ర తలిదండ్రులు ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. హెచ్-1బి వీసాకు దరఖాస్తు పెట్టువాడు యజమాని, ఉద్యోగి కాదు. సంవత్సరమునకు 65,000 వీసాలు. అమెరికాలో పై పట్టము పొందినవారికి మరి 20,000. కోరువారు అంతకు అనేకరెట్లుండుటచే చీటీ వేసి తీయుట ఆచారమైనది. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు వెలుపలనుండి వచ్చువారి క్రొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించుచు ఉత్తరువు చేసెను. ఆ సొమ్ము కట్టవలసినది యజమానియే యైనను, కట్టెడి యజమాని దొరకుట సులభమా? కొలువు పోయినవానికి మరియొక కొలువు వెదకుకొనుటకు 60 దినముల గడువు. శాశ్వతనివాసపు పత్రమునకు ఏ దేశమువారికిని నూటికి 7 వంతులు మించరాదను పాతనియమము కలదు. అందుచేత మనవారు దశాబ్దములు వరుసలో నిలువవలసివచ్చుచున్నది. ఎండలో నిలిచినవానికిని, చల్లని గదిలో కూర్చున్నవానికిని జీతమున హస్తిమశకాంతర మున్నది. వీసా పగ్గము యజమాని చేతిలో నుండుటయందు అంతటి యంతరము లేదు.

ఇంగ్లండు మాట యును అట్లే. అచట ప్రభుత్వమువద్ద లైసెన్సు పొందిన యజమాని పూచీ పడినగాని వీసా లేదు. 2024 ఏప్రిలులో జీతపు కనిష్ఠమితి 38,700 పౌనులు చేసిరి; 2025 జూలై 22నుండి 41,700 చేసి, సాధారణముగా పట్టభద్రస్థాయి కొలువులకే పరిమితము చేసిరి. వృద్ధుల పరిచర్యకు విదేశములనుండి క్రొత్తవారిని పిలుచుటయు ఆనాటితోనే నిలిచినది. అంతకుముందు ఆ కొలువులకై లక్షలు చెల్లించి పోయినవారిలో, యజమాని లైసెన్సు రద్దయి, తాము చేయని తప్పునకు తాము దిక్కుతోచక నిలిచినవారు ఎందరో. నియమములు మారుచుండునని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. నిరుడు పోయినవాని మాట విని ఈయేడు బయలుదేరరాదు.

రెండవ తరగతి వేరు. ఇందులో వీసా పనివాని వయస్సును, చదువును, చేతిపనిని, భాషను బట్టి అతనికే యిత్తురు. ఆస్ట్రేలియా దీనికి ముఖ్యోదాహరణము. 45 ఏండ్లు నిండనివాడు, కావలసిన వృత్తుల పట్టికలో తన వృత్తి యున్నవాడు, 65 గుణములకు తగ్గకుండ తెచ్చుకొన్నచో పిలుపునకు అర్హుడు. గుణములెక్కువ యైనకొలది పిలుపు దగ్గరపడును. ఇంజనీర్లే కాదు, ఫిట్టర్లు, వెల్డర్లు, వంటవారును ఇందులో నున్నారు. ఆ దేశపు వృత్తినిర్ణయసంస్థ పత్రములు చూచి, వృత్తినిబట్టి సాంకేతికసంభాషణయో చేతిపని పరీక్షయో జరిపి యోగ్యత నిశ్చయించును. ఈ త్రోవన శాశ్వతవీసా చేతికి వచ్చినవాడు ఒక యజమాని పొమ్మన్న మరియొకనివద్దకు పోగలడు. కెనడాలో 2015నుండి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ యను పద్ధతి ఇట్టిదే. అచట ఉద్యోగపు మాటపత్రమునకు అదనపు గుణము లిచ్చుచుండిరి. అట్టి పత్రములను అమ్మువారు బయలుదేరుటచే 2025 మార్చి 25నుండి ఆ గుణములను తీసివేసిరి. ఈ మధ్య ఆ దేశము మొత్తము సంఖ్యలను గూడ తగ్గించినది. అయినను తలుపు మూయలేదు.

జర్మనీ ఈ మధ్య మనవైపు చూచుచున్నది. 2024 అక్టోబరులో భారతీయ నిపుణులకిచ్చు వీసాలను ఏటికి 20,000నుండి 90,000కు పెంచుదుమని ఆ ప్రభుత్వము ప్రకటించెను. అంతకుముందు జూను 1నుండి అవకాశపత్రమను క్రొత్తవీసా నెలకొల్పిరి. దానితో పోయినవాడు అచట నొక సంవత్సరముండి కొలువు వెదకుకొనవచ్చును. ఆ లోపల వారమునకు 20 గంటలు పనిచేయవచ్చును. కొంత జర్మను భాషయో, చక్కని ఆంగ్లమో రావలెను. ఒక సంవత్సరపు భరణమునకు, 2025 లెక్క ప్రకారము సుమారు 13,000 యూరోలు బ్యాంకులో చూపవలెను. ఇది చిన్నమొత్తము కాదు. కాని ఈ సొమ్ము కుమారుని పేర నిలిచి నెలనెలకు అతని తిండికే తిరిగివచ్చును. ఏజంటున కిచ్చిన సొమ్మువలె నీటిలో పడదు.

ఇచట నొక చిన్న నియమము కలదు. మన ఉద్దానపు తలిదండ్రులు దీనిని గమనింపవలెనని మా కోరిక. వృత్తివిద్య చదివినవాడు ఆ జర్మను పత్రమునకు అర్హుడు కావలెనన్న, స్వదేశ ప్రభుత్వము గుర్తించిన శిక్షణ రెండు సంవత్సరములకు తక్కువ కాకుండ పొందియుండవలెను. మన ఐ.టి.ఐ.లలో ఫిట్టరు, ఎలక్ట్రీషియను తరగతులు రెండేండ్లవి. వెల్డరు తరగతి ఒక్క యేడాదిదే. వెల్డింగు త్వరగా వచ్చును, గల్ఫుజీతము త్వరగా వచ్చును. అందుచేత మన కుర్రవాండ్రు ఒక్కయేడు చదివి పోవుచున్నారు. మిగిలిన ఆ యొక్కయేడే ఒక దేశపు తలుపును తెరచునో మూయునో నిర్ణయించుచున్నది. పదవతరగతి పూర్తియై ఐ.టి.ఐ.లో చేర్చు దినముననే ఈ సంగతి తెలిసియున్న ఎంత మేలు! ఎకరమమ్ముటకు సిద్ధపడిన తండ్రి ఒక సంవత్సరపు చదువు చెప్పించుటకు వెనుదీయునా? చెప్పువారు లేక చేయలేదు, అంతే.

జపాను ఈ రెండు తరగతులకు నడుమ నిలిచియున్నది. 2019 ఏప్రిలులో ఆ దేశము నిర్దిష్టనైపుణ్యపు వీసాను ఏర్పరచెను. మన ప్రభుత్వముతో 2021 జనవరిలో ఒప్పందము కుదిరినది. తన రంగమున వృత్తిపరీక్షయు, జపాను భాషలో ప్రారంభస్థాయి పరీక్షయు నెగ్గినవాడు మొదటిమెట్టున ఐదేండ్లవరకు ఉండవచ్చును, భార్యాబిడ్డలను తీసికొనిపోరాదు. పై మెట్టునకు ఎక్కిన నా నిర్బంధము పోవును. తన రంగములోనే యజమానిని మార్చుకొను హక్కు మొదటినుండియు కలదు. 2025 ఆగస్టులో ఉభయప్రభుత్వములును ఐదేండ్లలో 50,000 మంది భారతీయ నిపుణులు జపానునకు పోవలెనని తలచినవి. భాష కష్టమే. కాని ఆరునెలలు, సంవత్సరము కూర్చుండి నేర్చుకొన్న భాషను ఏ యజమానియు పెట్టెలో దాచి తాళము వేయలేడు.

ఈ మార్గములలో ఎందును ఏజంటునకు లక్షలు ఈయవలసిన చోటు మాకు కనబడలేదు. పరీక్ష రుసుములున్నవి, పత్రముల తర్జుమా ఖర్చులున్నవి, వీసా రుసుమున్నది. అవన్నియు ఆయా కార్యాలయములకు కట్టి రసీదు పొందదగినవి. తొందర యుండరాదు. కుర్రవాడు విశాఖలోనో మరియొకచోటనో చేసిన పనికి జీతపు రసీదులు, బ్యాంకులెక్క, యజమాని వ్రాసి యిచ్చిన యనుభవపత్రము నేటినుండియే కూడబెట్టుకొనవలెను. మన చిన్న కంట్రాక్టర్లు రొక్కము చేతికిచ్చి కాగితము ఈయరు. పదేండ్లు చేసిన పనికి ఋజువు లేక ఆస్ట్రేలియా త్రోవ మూసికొనిపోయినవారిని మేమెరుగుదుము. పాసుపోర్టులోను, పదవతరగతి పత్రములోను పేరు ఒక్కతీరుగ నున్నదో లేదో చూచుకొనవలెను. ఇంటిపేరు ఒకదానిలో ముందు, ఒకదానిలో వెనుక, మరియొకదానిలో పొడియక్షరము. ఇది మన తెలుగువారికి పుట్టుకతో వచ్చిన తలనొప్పి.

ఇందరును పోయిన ఊరు ఏమగునని అడుగు మిత్రులున్నారు. నిమ్మాడకు దూరముకాని మూలపేట తీరమున 2023 ఏప్రిలులో ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. రేవునకు వెల్డర్లును ఫిట్టర్లును కావలెను. అచట మన కుర్రవాండ్రకు మర్యాదయైన జీతమును, అనుభవపత్రమును దొరకినచో సగముమంది ఊరు కదలకపోవచ్చును. కాని పోదలచినవానిని ఆపు హక్కు మనకు లేదు.

మరల ఆ పెద్దరైతు కడకు వచ్చెదము. కుమారుడు పదవతరగతి దాటి, ఏడాది వెల్డరు తరగతి చదివి, విశాఖలో మూడేండ్లు పనిచేసినవాడట. ఏజంటు అడిగినది మూడులక్షలు, బయానా యేబదివేలు ఇదివరకే ముట్టినది, రసీదు లేదు. రెండవ కాగితము ఉద్యోగపు మాటపత్రము. అందులో జీతమున్నది, యజమాని చిరునామా లేదు. నియామకసంస్థ నమోదు సంఖ్య యుండవలసిన చోట వట్టి గీత. మేము ఆ గీతను వ్రేలితో చూపితిమి.

ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిదప ఫోను తీసి ఏజంటును పిలిచెను. లైసెన్సు నెంబరు అడిగెను. అవతలివాడు వాట్సాపులో పంపెదనని చెప్పి పెట్టివేసెను. మేము రెండవమారు తేనీరు త్రాగితిమి. నెంబరు రాలేదు. మరల పిలిచిన ఎత్తలేదు. "మరి వాడికి ఇచ్చిన బయానా, బాబూ?" అని యడిగెను. పోలీసులకు ఫిర్యాదు వ్రాసి యిమ్మంటిమి గాని, రసీదు లేని సొమ్ము సంగతి ఆయనకును తెలియును, మాకును తెలియును. దస్తావేజు మడిచి సంచి అడుగున బెట్టెను. తరువాత తోట కొన్నవానికి ఫోను కలిపి, ఎల్లుండి రావద్దు, ఇంకొక్క వారమాగుమని చెప్పుచు, ఫోను చెవివద్ద నుంచుకొనియే కూతురింటి త్రోవ పట్టెను.